పొగబెట్టి పంపే మర్యాద

రెండు వారాల కిందట ఈ శీర్షికలో సాంబ్రాణి ముచ్చట్లు చెప్పుకున్నాం. తలంటి పోశాక పిల్లల జుట్టుకి అమ్మమ్మలు పట్టే పొగ, శుక్రవారం సాయంత్రం ఇల్లంతా తిరిగే ధూపం... గుర్తుందా? దానికి చాలా ఉత్తరాలు వచ్చాయి. అందులో ఒకటి రాజంపేట దగ్గర ఓ పల్లె నుంచి. రూళ్ల కాగితం మీద నాలుగంటే నాలుగే వాక్యాలు. ‘‘మీ సాంబ్రాణి బాగుంది. మా ఇంట్లో కువైటు ధూపం ఉంది. పదకొండేళ్లు ఆ దేశంలో దాన్ని వెలిగించినదాన్ని. దాని సంగతి తెలియాలంటే మీరు మా ఇంటికి రావాల, కాగితంలో వాసన రాదు కదా!’’

నిజమే, రాదు. అందుకే వెళ్లాను.

ఊరి వెనకే శేషాచలం కొండలు. వీధి చివర రెండు గదుల డాబా. తలుపు తీసినావిడకి యాభై దాటి ఉంటాయి. కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ‘‘ధూపం ఇప్పుడు వెయ్యను పాపా. అది నువ్వు పొయ్యేటప్పుడు’’ అంది నవ్వుతూ. నాకేమీ అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి సాయంత్రమైంది.

షోకేసులో పెళ్లి ఫొటో పక్కనున్న ఓ వస్తువుని తీసి, పైట చెంగుతో తుడిచి నా చేతిలో పెట్టింది. జానెడు ఎత్తున్న చెక్క దిమ్మె. నడుం దగ్గర సన్నగా ఉండి, పైన నాలుగు వైపులా విచ్చుకుంది. చుట్టూ ఇత్తడి మేకులు, చిన్న చిన్న అద్దం ముక్కలు. పైభాగంలో నిప్పు వేయడానికి రేకు గిన్నె. దీన్ని ‘మబ్ఖరా’ అంటారు. మన ధూపం గిన్నెకి అరబ్బు దేశపు అప్పచెల్లెలన్నమాట!

ఆవకాయ పాళ్లలాగే...

అరబ్బుల ఇళ్లలో వేసే ధూపాన్ని ‘బఖూర్’ అంటారు. కువైట్ వాళ్లు ‘బుఖూర్’ అని పలుకుతారు. అది ఏ ఒక్క వస్తువు పేరో కాదు. నిప్పు మీద వేస్తే పరిమళించే వాటన్నిటికీ అదే పేరు. అందులో ముఖ్యంగా మూడు రకాలు. ఒకటి ఊద్... అంటే అచ్చమైన అగరు చెక్క ముక్కలు. రెండోది లుబాన్... చెట్టు కారిస్తే గట్టిపడిన బంక. మూడోది కలిపి చేసే ధూపం. చెక్క పొడికి గులాబీ, చందనం, కస్తూరి పరిమళాలున్న అత్తర్లు పట్టించి, కొందరు చక్కెర పాకం కూడా కలిపి, ఉండలుగానో బిళ్లలుగానో చేసి ఆరబెడతారు.

ఆ మూడోదానిలోనే ఇంటి ఇల్లాలి ప్రతాపమంతా ఉంటుంది. ఏది ఎంత వేయాలి, ఎన్నాళ్లు మాగబెట్టాలి అనేది ఒక్కో ఇంట్లో ఒక్కో లెక్క. మన ఆవకాయ పాళ్లలాగే తల్లి నుంచి కూతురికి, అత్త నుంచి కోడలికి అందుతుంది. పక్కింటివాళ్లకి మాత్రం మొత్తం చెప్పరు!

బఖూర్ మన అగరుబత్తిలా తనంతట తాను కాలదు. బొగ్గు నిప్పు మీద పడి మెల్లగా కమురుతుంది. ముందు తియ్యటి వాసన వస్తుంది. కాసేపటికి పాత చందనప్పెట్టె తెరిచినట్టు చెక్క వాసన. పొగ పోయినా బట్టల్లో మాత్రం ఉండిపోతుంది. ఒక్కోసారి ఉతికినా పోదు.

పేరు మన నోట్లోనే ఉంది

ఊద్ అనే మాట మనకి కొత్తా? ఊదుబత్తి అంటాం కదా! అరబ్బీలో ఊద్ అంటే కర్ర, చెక్క. అగరు చెక్కకీ అదే పేరు. వాళ్లు వాయించే ఓ తంత్రీవాద్యానికీ అదే పేరు. ఉర్దూ మీదుగా ఆ మాట మన వీధుల్లోకి వచ్చి ఊదుబత్తి అయింది. సంస్కృతం నుంచి వచ్చిన అగరు అనే మాటేమో అగరుబత్తి అయింది. రెండూ ఒకే చెక్క పేర్లు. చిత్రమేమిటంటే మనం రోజూ దేవుడి దగ్గర వెలిగించే పుల్లల్లో చాలావాటిలో ఆ చెక్క అసలు ఉండదు. పేరు మాత్రమే మిగిలింది.

ఇంకో చిత్రం... అరబ్బులు అంతగా ప్రేమించే ఈ చెట్టు అరబ్బుల నేల మీద పుట్టింది కాదు. దాని పుట్టిల్లు మన ఈశాన్య రాష్ట్రాలూ ఆగ్నేయాసియా అడవులూ. ఏ దెబ్బా తగలని అగరు చెట్టు కలప తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. వాసనే ఉండదు. చెట్టుకి గాయమై, అందులోకి ఓ రకం బూజు చేరితే అప్పుడు మొదలవుతుంది కథ. తనను తాను కాపాడుకోవడానికి చెట్టు నల్లటి బంకని ఊరిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ బంక కలపలోకి ఇంకి బరువెక్కుతుంది. మేలురకం ముక్క నీళ్లలో వేస్తే మునిగిపోతుంది. అంటే... దెబ్బ తిన్న చెట్టుకే పరిమళం!

అస్సాంలోని హోజాయ్ పట్టణం ఈ వ్యాపారానికి పెట్టింది పేరు. గల్ఫ్ దుకాణాల్లో ఊద్‌ని అది వచ్చిన దేశం పేరుతోనే అమ్ముతారు. వాటిలో ఎంతో గౌరవంగా పలికే పేరు ‘హిందీ’. అంటే మన దేశానిది. అయితే ఈ గిరాకీయే చెట్టుకి ముప్పు తెచ్చింది. ఏ చెట్టులో బంక ఉందో పైకి తెలియదు కాబట్టి అడవుల్లో మంచీచెడ్డా చూడకుండా నరికేశారు. అందుకే అంతర్జాతీయ వ్యాపారం మీద ‘సైటీస్’ ఒప్పందం కింద 1995 నుంచి మన అగరు జాతికీ, 2005 నుంచి దాని బంధుజాతులన్నిటికీ ఆంక్షలు వచ్చాయి. ఇప్పుడు తోటలు వేసి, చెట్లకి కావాలనే గాయం చేసి బంక పుట్టిస్తున్నారు.

ఇదంతా నేను చెబుతుంటే ఆవిడ నవ్వాపుకోలేకపోయింది. ‘‘నేను చేసిన ఇంట్లో ఆ హిందీ డబ్బాని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లు. నన్నేమో హిందియా అని పిలిచేవాళ్లు. ఇద్దరిదీ ఒకే దేశం. దానికి తాళం, నాకు చీపురు!’’

పొమ్మనలేక కాదు!

మన పెళ్లిళ్లలో గుమ్మంలోనే పన్నీరు చల్లి రమ్మంటాం. మర్యాద అంతా రాకలోనే. గల్ఫ్ ఇళ్లలో ధూపానికున్న అసలు మర్యాద పోకలో ఉంది. అతిథులొస్తారని ముందే ఇల్లంతా ధూపం వేస్తారనుకోండి. కానీ మనిషికి పట్టేది మాత్రం చివర్లోనే.

చుట్టాలొస్తే ముందు గహ్వా ఇస్తారు. అంటే యాలకులు వేసి కాచిన చేదు కాఫీ. పిడి లేని చిట్టి కప్పుల్లో అడుగున కాస్తే పోస్తారు. తాగేకొద్దీ మళ్లీ పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పుని అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. పక్కనే ఖర్జూరాలు. ఆ తర్వాత కబుర్లు, భోజనాలు. అన్నీ అయ్యాక మబ్ఖరా వస్తుంది. ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వెళ్తుంది. మగవాళ్లు తలగుడ్డ అంచు కాస్త ఎత్తి, గడ్డానికి పొగ పట్టించుకుంటారు. ఆడవాళ్లు జుట్టుకీ బురఖా అంచులకీ పట్టించుకుంటారు. అంతే, ఇక లేవాలి. ఊదు వచ్చాక కూర్చోవడం లేదని వాళ్లకో సామెత కూడా ఉంది.

మన దగ్గర పొమ్మనలేక పొగబెట్టారంటే ఎంత అవమానం! అక్కడ పొగబెట్టి పంపడమే గౌరవం. ‘మా ఇంటి వాసన నీ వెంట తీసుకెళ్లు’ అని చెప్పడమది. ఇంటికి చేరాక ఆ బట్టలు విప్పేటప్పుడు కూడా ఎవరింటికి వెళ్లొచ్చామో గుర్తొస్తుంది.

రోజువారీ వాడకం కూడా ఉంటుంది. శుక్రవారం నమాజుకి వెళ్లే ముందు, రంజాన్ పండగనాడు, పెళ్లిళ్లలో ధూపం ఉండాల్సిందే. బట్టలకి పొగ పట్టడానికి గోపురం ఆకారంలో కర్రల చట్రం ఒకటి ఉంటుంది. కింద మబ్ఖరా పెట్టి, చట్రం మీద ఉతికిన బట్టలు పరుస్తారు. మన చంటిపిల్లల బట్టలకి బుట్ట బోర్లించి సాంబ్రాణి పట్టేవాళ్లే... అచ్చం అలాగే.

కొండకు ఆవల, కొండకు ఈవల

ఊద్ బయటి నుంచి వచ్చింది సరే, మరి అరబ్బుల సొంత ధూపం ఏది? అది లుబాన్. ఒమన్ దేశానికి దక్షిణాన ధోఫార్ అనే ప్రాంతం ఉంది. అక్కడి రాతి నేలల్లో పెరిగే పొట్టి చెట్టు నుంచి వస్తుంది. బెరడుని చిన్న ఉలితో గీకితే పాలలాంటి బొట్లు కారతాయి. వాటిని అలాగే వదిలేసి, గట్టిపడ్డాక కొన్ని వారాలకి వెళ్లి ఏరుకొస్తారు. వేల ఏళ్ల కిందటే ఇది ఓడల మీద, ఒంటెల మీద దేశాలు దాటింది. ఆ చెట్లున్న లోయనీ, పాత రేవుల్నీ, ఒంటెల బిడారులు ఆగిన చోటునీ కలిపి 2000లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మనకి వానలు తెచ్చే నైరుతి రుతుపవనాలే జూన్ నుంచి సెప్టెంబరు దాకా ధోఫార్ కొండల్ని మంచుతెరలతో తడిపి పచ్చగా చేస్తాయి. అయితే మేలురకం లుబాన్ ఆ పచ్చటి వైపు దొరకదు. తడి చేరని ఎండు లోయల్లో, కొండకి ఆవలివైపు దొరుకుతుంది. దాని పేరు హోజరీ. ఆకుపచ్చ ఛాయతో, స్ఫటికంలా ఉంటుంది. ఒమన్ వాళ్లు దాన్ని ధూపం వేయడమే కాదు, నములుతారు, రాత్రి నీళ్లలో నానబెట్టి పొద్దున తాగుతారు.

ఈ లుబాన్ చెట్టుకి మన దగ్గర ఓ తోబుట్టువుంది. పేరు కొండ గుగ్గిలం. శేషాచలం, దాని చుట్టుపక్కల తూర్పు కనుమల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగని అరుదైన చెట్టు. రెండూ ఒకే కుటుంబానివి. అది గాయపడినా సువాసన బంకే కారుస్తుంది.

ఆ మాట వినగానే ఆవిడ లేచి గుమ్మంలోకి వెళ్లి, ఎదురుగా ఉన్న కొండల వైపు చూసింది. ‘‘ఈ కొండలోనా? ఇన్నేళ్లూ నాకు ఎవరూ చెప్పలేదే!’’ అంది. కాసేపాగి, ‘‘చెప్పినా ఏం లాభంలే. కొండ గుగ్గిలం అప్పులు తీర్చదు కదా!’’

ఊదేది మేము

కువైట్‌లో కడప ప్రాంతంవాళ్లూ గోదావరి జిల్లాలవాళ్లూ ఎంతమంది ఉన్నారో మీకు తెలిసిందే. మగవాళ్లు డ్రైవర్లుగా, కూలీలుగా వెళ్తే, ఆడవాళ్లలో ఎక్కువమంది వెళ్లేది ‘ఖద్దామా’ వీసా మీద. అంటే ఇంటి పని. ఈవిడ కూడా అలాగే వెళ్లింది. మూడు బోర్లు వేస్తే మూడూ ఎండిపోయాయి. అప్పు మిగిలింది. పెళ్లికెదిగే కూతురుంది.

‘‘మొదటి ఇంట్లో ఆరేళ్లు చేసినా. ఇంటావిణ్ని మామా అనాల, ఆయన్ని బాబా అనాల. మొదట్లో ఆడమనిషిని మామా అని పిలవాలంటే నాకు నవ్వొచ్చేది! సాయంత్రమైతే మగోళ్లంతా దివానియాలో కూచుంటారు. దివానియా అంటే మన ఊరి రచ్చబండ అనుకో, కాకుంటే ఇంట్లోనే ఉంటాది. వాళ్లకి నిప్పు రాజేసిచ్చేది నేనే. బొగ్గు పొయ్యి మీద పెట్టి, ఎర్రగా కాల్చి, ఊది ఊది బూడిద దులిపి, మబ్ఖరాలో పెట్టియ్యాల. ఏసీ ఇల్లు, కిటికీలు తెరవరు. ఆ పొగకి నాకు ఒకటే దగ్గు. ఊదేది మేము... ఊదు వాళ్లది!’’

ఆ మాటకి తనే నవ్వింది. నేను నవ్వలేకపోయాను.

‘‘ఆరేళ్లయినాక వస్తాండాను అని చెప్పినా. ఆ పొద్దు కూడా చుట్టాలొచ్చినారు. నిప్పు రాజేసిచ్చి, పెట్టె తెచ్చుకున్యా. పాస్‌పోర్టు, జీతం చేతిలో పెట్టినారు. మోసం చెయ్యలేదు, అది చెప్పాల. కానీ ఒక్కరూ వాకిలి దాకా రాలేదు. చుట్టాలందరికీ ధూపం పట్టి పంపిచ్చినారు. నేను వెనక వాకిట్లో నుంచి వచ్చేసినా.’’

ఏడాది తర్వాత మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. ఈసారి వేరే ఇల్లు. మంచం పట్టిన ముసలామెను చూసుకోవాలి. ఐదేళ్లు నీళ్లు పోసింది, అన్నం తినిపించింది, రాత్రుళ్లు కాళ్లు పట్టింది. కూతురి కాన్పుకి ఇంటికి బయల్దేరిన రోజు, ఆ ముసలామె ధూపం వేసి తెమ్మందట. ఎవరో చుట్టాలొస్తున్నారనుకుని రాజేసి తీసుకెళ్లింది.

‘‘ఎవరూ లేరు. ఆయమ్మ మంచం మీద లేచి కూచోని, మబ్ఖరా ఇటియ్యమనింది. చేతులు వణుకుతాండాయి. నా కొంగు పట్టుకోని, నాకు పట్టింది పాపా! జుట్టుకి, కొంగుకి, చేతులకి. పదకొండేళ్లలో ఆ పొగ నా వైపు తిరిగింది అదే మొదలు. ఆ పొద్దు నేను పనిమనిషిని కాదు. వాళ్లింటి నుంచి పోతాండే చుట్టాన్ని.’’

ఈ మబ్ఖరా ఆమె ఇచ్చిందేనా అని అడిగాను. ‘‘కాదు. ముబారకియా బజారులో నా దుడ్లతో నేనే కొనుక్కున్యా’’ అంది, కాస్త గట్టిగానే.

మరి ఇప్పుడెవరికి వేస్తున్నట్టు? అత్తారింటికి వెళ్లే కూతురికి వేస్తుంది. హాస్టల్‌కి వెళ్లే మనవడికి వేస్తుంది. అంతేకాదు... చుట్టుపక్కల పల్లెల్లో కొత్తగా వీసా వచ్చిన ఆడవాళ్లు బయల్దేరే ముందు ఈవిణ్ని కలవడానికి వస్తారు. నాలుగు అరబ్బీ మాటలు, ఏ కాగితం ఎవరి చేతికీ ఇవ్వకూడదో, ఇబ్బందైతే ఎవరికి ఫోన్ చేయాలో చెబుతుంది. లేచేటప్పుడు ధూపం పడుతుంది. ‘‘ఆడ వాళ్లకి ఎవరన్నా పడతారో పట్టరో తెలీదు. ఈడ ఒకరు పట్టి పంపిచ్చినారు అని గుర్తుండాల’’ అంది.

ఇక లేవాలి

కడప బస్సుకి టైమైంది. ‘‘వస్తానక్కా’’ అన్నాను. అప్పుడు వెలిగించింది! ఆవిడ చేస్తుంటే చూసి రాసుకున్నవి మీకూ పనికొస్తాయి. హైదరాబాద్‌లో చార్మినార్ చుట్టుపక్కల అత్తరు దుకాణాల్లో బఖూర్ దొరుకుతుంది కాబట్టి.

గిన్నె అడుగున ముందు బూడిదో ఇసుకో వేసింది. లేకపోతే గిన్నె కాలి, కింద చెక్కకి వేడి తగులుతుంది. బొగ్గుని పెరట్లోనే రాజేసింది. నిప్పు మీద తెల్లటి బూడిద పొర వచ్చేదాకా ఆగింది. బొగ్గు వాసన ఉండగానే ధూపం వేస్తే డబ్బు దండగే! ఆపైన కందిగింజంత ముక్క వేసింది. అంతే చాలు. మాడు వాసన రాగానే ఆ ముక్క తీసెయ్యాలి. నిప్పు ఇంట్లో ఉన్నంతసేపూ కిటికీ తెరిచే ఉంచింది. అయ్యాక నిప్పుని నీళ్లలో ముంచి గానీ పారేయదు.

కిటికీ మాట తేలిగ్గా తీసుకోకండి. ఎమిరేట్స్ ఇళ్లలో వాడే ధూపాన్ని అమెరికాలోని నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం పరిశోధకులు పరీక్షించి, 2013లో ఫలితాలు ప్రకటించారు. ఆ పొగలో సన్నటి కణాలూ కార్బన్ మోనాక్సైడ్ లాంటి వాయువులూ ఉన్నాయనీ, అది తగిలిన ఊపిరితిత్తుల కణాల్లో వాపు లక్షణాలు కనిపించాయనీ తేల్చారు. మన సాంబ్రాణి పొగైనా పొగే. మూసిన గదిలో బొగ్గు నిప్పు పెట్టుకుని పడుకోవడం ప్రాణాల మీదికే తెస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు, చంటిపిల్లలు, గర్భిణులు ఉన్న ఇంట్లో దీనికి దూరంగా ఉండటమే మంచిది. బొగ్గు వద్దనుకుంటే కరెంటు ధూపదానులు కూడా వస్తున్నాయి. వాటికీ గాలి ఆడాల్సిందే. నైలాన్, పాలిస్టర్ చీరలకి నిప్పు దగ్గరగా పెట్టి పొగ పట్టొద్దు.

ఆవిడ మబ్ఖరా పట్టుకుని నా దగ్గరికొచ్చింది. నా చున్నీ అంచు తనే ఎత్తి పట్టి, ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పింది. ‘‘ఇంక కూచోకూడదు’’ అంది. కూర్చోలేదు. వీధి మలుపు దాకా వెంట వచ్చి, బస్సు ఎక్కేదాకా నిలబడింది.

బస్సులో పక్క సీటు పెద్దాయన రెండు మూడుసార్లు నా వైపు చూసి, చివరికి ఉండబట్టలేక అడిగాడు. ‘‘ఏ గుడికి పోయొస్తాండావమ్మా?’’

‘‘గుడికి కాదండీ, చుట్టాలింటికి’’ అన్నాను.